ఒక పేజీకి మించకూడదు

సాహుబాబు తెల్లకాగితం తెచ్చి నా కీబోర్డు మీద పెట్టాడు.
"బ్యాంకాక్ ఎందుకెళ్ళాలో పది కారణాలు తెలుగులో కొట్టు.
ఒడియాలో మా బావమరిది రాస్తున్నాడు.
ఒక పేజీకి మించకూడదు."

పర్లాకిమిడి బస్టాండు ఎదురుగా మా డీటీపీ కొట్టు.
పైన ఒక రేకు, కింద మూడు లిపులు.
నేను చూసిన దూరపు ఊరు బరంపురం,
అదీ పంటినొప్పికి.

మొదటి కారణం తేలిగ్గానే దొరికింది:
ఆ ఊరి పేరు.
మనం పిలిచేది కాదు, వాళ్ళు పిలుచుకునేది,
గూడ్సుబండంత పొడుగు.
ఒక్కో పెట్టే లెక్కపెడుతూ పోయాను,
మహానగరం, అమరం, రత్నకోశం,
నడుమ ఎక్కడో మహేంద్ర.
లేచి వెళ్ళి కిటికీలోంచి చూశాను.
కొండవైపంతా మబ్బు.
మహేంద్రతనయ ఇసుక లారీల మధ్య సన్నగా
ఏమీ ఎరగనట్టు పోతోంది.
మన కొండ పేరు అంతదూరం నడిచి వెళ్ళిందంటే
ఓసారి పోయి పలకరించి రావడం మర్యాద.

రెండోది అక్షరాలు.
ఫోటోలో నూడుల్స్ బండి, దాని మీద బోర్డు.
ఒడియా అక్షరం గొడుగేసుకుంటుంది,
మనది తలకట్టు పెట్టుకుంటుంది,
అదేమో చిన్న సున్నా చుట్టుకుని
నెత్తిన చుట్టకుదురుతో నీళ్ళకి బయల్దేరినట్టుంది.
ఒకమ్మ కడుపున పుట్టి
తలో రేవులో దిగిపోయినవాళ్ళు.
చదవలేను. పోలిక పట్టగలను.

మూడు. ఊరికి అవతల ఒక సంత,
పట్టాల మీదే కూరగాయలు.
రైలు కూతేస్తే పందిరిగుడ్డలు ముడుచుకుంటాయి,
బండి వంకాయల్ని రాసుకుంటూ పోతుంది,
దాని తోక దాటకముందే బేరం మళ్ళీ మొదలు.
ఇక్కడ నా వేళ్ళు ఆగాయి.
మా గుణుపురం చిన్నరైలు.
మలుపులో బాబు దిగేవాడు,
నాకు నేరేడుపళ్ళు ఏరి
వెనక పెట్టెలో ఎక్కి నవ్వుతూ వచ్చేవాడు.
తర్వాత పట్టాలు వెడల్పు చేశారు.
బండికి తొందర అలవాటైంది.
ఈ కారణాన్ని సాహుబాబు కొట్టేశాడు:
"ఇక్కడ లేనిదేదన్నా రాయమ్మా."

మిగతావి అతనే చెప్పాడు.
పడవల బజారు, పడుకున్న బంగారు బుద్ధుడు,
పాదాలకు మసాజు, పొద్దుట టిఫిను ఉచితం.
కొట్టాను.

అప్పుడొచ్చింది లండ గున్నమ్మ,
కాలేజీ హాస్టల్లో ముప్పయ్యేళ్ళు గంటె తిప్పిన మనిషి.
కొంగుముడిలో కొత్త పాస్‌పోర్టు.
"ఏటే ఇది?" అని తెర మీదకి వంగింది.
చదివి వినిపించాను.
పళ్ళు లేనిచోట చెయ్యడ్డం పెట్టుకుని నవ్వింది.

"మా తాత రంగం ఎల్లినాడు, బారువ రేవులో ఓడెక్కి.
ఆడికెవులు అచ్చేసిచ్చినారే పది కారణాలు?
కుండలో గింజ నేదు. అదొక్కటే."

"రంగం వేరు, ఇది వేరు గున్నమ్మా."

"నాకు తెల్దేటి? ఆ పక్కదే గదా.
తిరిగొచ్చినప్పుడు నల్ల గొడుగొకటి తెచ్చినాడు,
మాటొక్కటీ తేనేదు.
ఆ గొడుగు కిందే కూకుని కూకుని పోనాడు,
ఏటి సూసినాడో సెప్పకుండా."

సాహుబాబు ఫారం ఇచ్చాడు. నేను నింపుతున్నాను.
పుట్టిన తేదీ దగ్గర ఇద్దరం కొంత ఊహించాం.
ప్రయాణ కారణం అన్నచోట నాలుగు గడులు:
వ్యాపారం, వైద్యం, బంధువులు, వినోదం.

"వినోదమంటే ఏటి?"
"సరదా."
"సరదా కాదు," అంది.
పాతపట్నం బస్సు రెండుసార్లు హారన్ కొట్టింది,
కండక్టరు ఎవర్నో తిట్టాడు,
ఆమె వేలు ఆ నాలుగు గడుల మీద
బియ్యంలో రాళ్ళు వెతికినట్టు తిరిగింది.

"సూడ్డానికని రాయి."
"ఏం చూడ్డానికని?"
"అది ఆళ్ళు అడగనేదు గదే."